హట్‌బే షిప్ ఎక్కేముందు తిరుగు టికెట్ తీసి చూడండి

మా కాలనీలో ఒకాయన దసరా సెలవులకు కుటుంబంతో లిటిల్ అండమాన్ వెళ్లారు. మూడు రోజుల ట్రిప్ కాస్తా ఏడు రోజులైంది. గాలివానకు షిప్పులు ఆపేశారు. శంషాబాద్ ఫ్లైట్ డబ్బులు పోయాయి, అది చిన్న విషయం. వాళ్లమ్మగారి షుగర్ మందులు నాలుగో రోజుకే అయిపోయాయి. ఆవిడను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఈ వారం మళ్లీ అల్పపీడనం అంటున్నారు, అందుకే రాస్తున్నా.

టోపీ, నీళ్ల సీసా గురించి చెప్పను. చెప్పేది తిరుగు టికెట్ గురించే. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి లిటిల్ అండమాన్ రేవు హట్‌బేకి షిప్ డంకన్ పాసేజ్ అనే జలసంధి దాటి వెళ్లాలి. ఆ సముద్రం ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేం. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే మే నెలలో అండమాన్‌ను తాకుతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల టెన్షన్. కూకట్‌పల్లిలో కూర్చుని ఫోన్లో చూస్తే షిప్‌కీ ఫ్లైట్‌కీ టైము చక్కగా కుదిరినట్టే ఉంటుంది. ఫోన్‌కి సముద్రం కనబడదు కదా! షిప్ దిగిన రోజే ఫ్లైట్ పెట్టుకోవద్దు. మర్నాడు కూడా వద్దు. మధ్యలో కనీసం రెండు రోజులు ఖాళీ వదలండి. మందులు వారం రోజులకు ఎక్కువే పట్టుకెళ్లండి.

ఇక జలపాతాలు. వైట్ సర్ఫ్, విస్పర్ వేవ్ రెండూ అడవిలోనే, చూడముచ్చటగా ఉంటాయి. బోగత, కుంటాల తిరిగిన అలవాటుతో మడుగు కనబడగానే ప్యాంటు మడిచి దిగేస్తాం. ఇక్కడ దిగొద్దు. ఈ దీవి వాగుల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి. పేరులో ఉప్పునీరు ఉన్నా మంచినీటి వాగుల్లోకీ వస్తాయి. ఒడ్డున కూర్చుని కాళ్లు వేలాడేసినా ప్రమాదమే.

రామకృష్ణపూర్, నేతాజీ నగర్ వంటి ఊళ్లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలే ఎక్కువ. వచ్చీరాని హిందీతో పని నడిచిపోతుంది. ఒంగే తెగవాళ్ల ప్రాంతం వైపు మాత్రం పోవద్దు. ఫొటోలూ వద్దు. 1956 నాటి గిరిజన రక్షణ నిబంధన కింద జైలుకు పంపుతారు.

చేతిలో నగదు ఉంచుకోండి. దోమల మందు రాసుకోండి, మలేరియా ఉంది. సాయంత్రం అయిదు దాటితే చీకటే, నాలుగుకల్లా అడవిలోంచి బయటపడండి. తాగి నీళ్ల దగ్గరకు పోవద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు. హెచ్చరిక బోర్డు దాటి సెల్ఫీ వద్దు. షిప్ రద్దయితే జెట్టీలో అరవొద్దు, రూము ఇంకో రోజు తీసుకోండి. తిరుగు ఫ్లైట్ ముందు రెండు రోజులు ఖాళీ, మళ్లీ చెప్తున్నా. అవి లేనప్పుడే ‘చేపల బోటు ఉంది, దాటించేస్తా’ అనేవాడి మాట తియ్యగా వినబడుతుంది. ఎక్కొద్దు. ఫ్లైట్ పోతే పోనివ్వండి.