అమెరికాలో తుపాకీ యజమానుల సంఘంలో చేరే ముందు ఏమేం చూసుకోవాలి?

తుపాకీ యజమానుల సంఘం అనగానే టీవీ చర్చల్లో అరుపులే గుర్తొస్తాయి. కానీ వాటిలో బాగా పేరున్న నేషనల్ రైఫిల్ అసోసియేషన్ (ఎన్‌ఆర్‌ఏ) 1871లో న్యూయార్క్‌లో పుట్టింది గురి నేర్పడానికి. అంతర్యుద్ధంలో సైనికుల గురి అధ్వానంగా ఉందని గమనించినవాళ్లు దాన్ని మొదలుపెట్టారు. చట్టసభల్లో లాబీయింగ్ కోసం ప్రత్యేక విభాగం వచ్చింది 1975లో. నేర్పే పని, చట్టాల మీద పోరాడే పని రెండూ ఒకే గొడుగు కింద ఉన్నా, మీరు మాత్రం విడివిడిగా బేరీజు వేసుకోండి.

అన్నిటికంటే ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దెకు తీసుకుని కాల్చినా ఇదే చిక్కు. గ్రీన్‌కార్డు ఉంటే ఈ అడ్డు లేదు. అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి, రేంజ్‌లో కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లను కాదు.

తర్వాత శిక్షణ. సభ్యత్వం కట్టకముందే ఒక ప్రాథమిక క్లాసులో కూర్చోండి. మూడు సూత్రాలు ఎలా నేర్పుతున్నారో చూడండి: తుపాకీ మొన ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉండాలి, కాల్చే క్షణం వరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు, వాడే వరకు తూటాలు నింపకూడదు. ఇవి ఎవరైనా అప్పజెబుతారు. నేనైతే శిక్షకుడి చేతుల్ని చూస్తాను. పక్కవాడు "ఖాళీగానే ఉంది" అంటూ తుపాకీ అందిస్తే, ఆయన ఆ మాట నమ్మి తీసుకుంటాడా, లేక మళ్లీ తెరిచి చూసుకుంటాడా? తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసేసినా, తూటా పేలే చోటైన ఛాంబర్‌లో ఒకటి మిగిలి ఉండొచ్చు. అది ప్రతిసారీ చూడని మనిషి దగ్గర నేర్చుకోకండి.

ఇంట్లో పిల్లలుంటే తాళం, భద్రత గురించి ఎంతసేపు చెబుతున్నారో కూడా గమనించండి. పిల్లలకు తుపాకీ కనిపిస్తే ఆగాలి, ముట్టుకోకూడదు, అక్కణ్నుంచి పరిగెత్తాలి, పెద్దవాళ్లకు చెప్పాలి అని ఎన్‌ఆర్‌ఏ 1988 నుంచి ఎడ్డీ ఈగిల్ అనే బొమ్మ గద్దతో నేర్పిస్తోంది. మంచిదే. కానీ పిల్లాడికి చెప్పాం కదా అని బీరువాకు తాళం వేయకపోతే ఆ పాఠం దండగ.

ఇక చట్టాల పని. గత ఏడాది ఏ బిల్లును సమర్థించారు, దేన్ని వ్యతిరేకించారు అని సూటిగా అడగండి. ఆ జాబితా కింద మీరు సంతకం పెట్టగలరా? పెట్టలేకపోతే క్లాసుకు మాత్రం ఫీజు కట్టి బయటపడండి, సభ్యత్వం అక్కర్లేదు. రాష్ట్ర స్థాయి సంఘాల్ని తేలిగ్గా తీసుకోవద్దు. బయట తుపాకీ దగ్గర పెట్టుకుని తిరిగే హక్కు మీద 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు న్యూయార్క్ రాష్ట్ర సంఘం వేసిన కేసులోదే.

డబ్బు విషయానికొస్తే, లాబీయింగ్ చేసే సంఘానికి కట్టే చందాకు విరాళం కింద పన్ను మినహాయింపు రాదు. శిక్షణ కోసం విడిగా నడిపే ఫౌండేషన్‌కు ఇస్తే వస్తుంది. రసీదు మీద ఏ పేరుందో చూసుకోండి.

చివరగా ఓటు హక్కు ఎవరికో కనుక్కోండి. 1977లో సిన్సినాటీ సమావేశంలో సభ్యులు ఒక్క రాత్రిలో ఎన్‌ఆర్‌ఏ నాయకత్వాన్ని మార్చేశారు, సంఘం రాజకీయాల వైపు గట్టిగా మళ్లింది అప్పుడే. అలాగని ఈ ఏడాది చేరి వచ్చే ఏడాది మనమూ మార్చేద్దాం అనుకుంటే కుదరదు. అక్కడ బోర్డు ఎన్నికల్లో ఓటు వేయాలంటే జీవితకాల సభ్యులై ఉండాలి, లేదా వరసగా ఐదేళ్లు చందా కట్టి ఉండాలి.