వాసన తగ్గిందంటే గాలి బాగుపడినట్టు కాదు: మందుల ఫ్యాక్టరీలో కొత్తవారి సమస్యలు - పరిష్కారాలు

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం... ఏ పారిశ్రామిక వాడలోనైనా సరే, బల్క్ డ్రగ్ యూనిట్‌లో (మందుల ముడి రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీలో) చేరిన మొదటి రోజు కొత్తవారిని ఒక గదిలో కూర్చోబెట్టి భద్రత గురించి చెబుతారు. హెల్మెట్టు, బూట్లు, కళ్లద్దాలు ఇచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటారు. అసలు సందేహాలు ఆ తర్వాత, ప్రొడక్షన్ బ్లాకులో అడుగుపెట్టాక మొదలవుతాయి. అప్పుడు అడగాలంటే మొహమాటం. ‘వీడు పనికి ఆగడు’ అనుకుంటారేమోనని భయం. ఇరవై ఏళ్లు షిఫ్టుల్లో పనిచేసిన నన్ను కొత్త కుర్రాళ్లు క్యాంటీన్లో చాటుగా అడిగిన ప్రశ్నలనే ఇక్కడ రాస్తున్నాను.

డ్యూటీలో తలనొప్పి, కళ్లు తిరగడం. ఇంటికి వెళితే తగ్గిపోతుంది

సెలవు రోజున రాని తలనొప్పి డ్యూటీ రోజునే వస్తోందంటే దానికి కారణం ఎండో, నిద్రలేమో అని సరిపెట్టుకోకండి. టోలుయీన్, మెథనాల్, అసిటోన్, ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్) వంటి సాల్వెంట్ల, అంటే ఇతర పదార్థాలను కరిగించే ద్రవాల ఆవిరి పీల్చినప్పుడు మొదట కనిపించేవి ఈ లక్షణాలే. కొందరికి వికారం కూడా ఉంటుంది, కొందరికి తాగినట్టు తూలుతుంది.

‘పొద్దున ఘాటుగా ఉండింది సార్, ఇప్పుడు వాసనే లేదు’ అంటారు. వాసన పోలేదు, ముక్కు అలవాటు పడింది. వ్యర్థజలాల శుద్ధి దగ్గర వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే మరీ మోసకారి. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కుకు ఆ కంపు తెలిసే శక్తినే చంపేస్తుంది.

ఏం చేయాలి? ముందు బయటి గాలిలోకి రండి, ఆ తర్వాత షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పండి. చోటు, సమయం, అప్పుడు జరుగుతున్న పని మూడూ చెబితేనే ఏ ఫ్లాంజి (పైపుల అతుకు) కారుతోందో, ఏ డ్రమ్ము మూత తెరిచి ఉందో వెతకడం తేలిక.

ఇక మాస్కు సంగతి. ముక్కుకు రుమాలు కట్టుకోవడమూ, ధూళి కోసం ఇచ్చిన తెల్ల మాస్కు పెట్టుకోవడమూ ఆవిరి విషయంలో దోమతెరతో నీళ్లు పట్టినట్టే. ఆవిరికి కాట్రిడ్జి (ఆవిరిని పీల్చుకునే డబ్బీ) ఉన్న మాస్కు కావాలి, అదీ ఆ రసాయనానికి తగినదై ఉండాలి. కాట్రిడ్జికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి ఎప్పుడు తెరిచారో దాని మీద రాసుకోండి. ఎండీసీ విషయంలో మామూలు కాట్రిడ్జిని నమ్మకండి, ఆ ఆవిరి దాన్ని త్వరగా దాటి వచ్చేస్తుంది. గొట్టం ద్వారా బయటి గాలి అందించే మాస్కు అడగండి. గడ్డం ఉంటే మాస్కు అంచు ముఖానికి అతకదు. ఎంత ముచ్చటపడి పెంచుకున్నా సరే, ఇక్కడ గడ్డానికీ మాస్కుకూ పొత్తు కుదరదు.

‘ఖాళీ రియాక్టరే కదా, దిగి తుడిచి రా’ అంటున్నారు

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త ఆపరేటరూ అంతే. చెప్పిందే తడవుగా నిచ్చెన వేసుకుని, రసాయనాలు కలిపి మందు తయారుచేసే ఆ పెద్ద మూతపాత్రలోకి (రియాక్టరు) మ్యాన్‌హోలులోంచి దిగబోతాడు. ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అది 19.5కి తగ్గితే లోపలికి దిగకూడదని నియమం. రియాక్టరులో మంటలు పుట్టకుండా నైట్రోజన్ నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. మన ఒంటికి ఊపిరి కోసం తపన పుట్టేది ముఖ్యంగా బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పేరుకున్నప్పుడు. ఆక్సిజన్ తగ్గితే ఆ హెచ్చరిక రాదు. అందుకే నైట్రోజన్ నిండిన చోట రెండు మూడు శ్వాసలకే మనిషి కుప్పకూలుతాడు, అరిచే వ్యవధి కూడా ఉండదు. పైనున్నవాడు ‘అయ్యో’ అని దూకుతాడు. అతడి వెనకే మూడోవాడు. సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరి తర్వాత ఒకరు పోయిన వార్తలు చదివినప్పుడు మనకు ఆశ్చర్యంగా ఉంటుంది గాని, సాటి మనిషి కళ్ల ముందు పడిపోతే కాళ్లు వాటంతటవే కదులుతాయి.

దిగే ముందు ఇవి జరగాలి. రాతపూర్వకమైన పర్మిట్టు ఉండాలి, అది ఆ షిఫ్టుదే కావాలి. నైట్రోజన్ లైనుకు వాల్వు కట్టేసి ఊరుకుంటే చాలదు, వాల్వు లీకవుతుంది. లైను విప్పి బ్లైండు (దారి మూసే లోహపు బిళ్ల) వేయాలి. ఆజిటేటరు (లోపల కలియతిప్పే యంత్రం) స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి దిగేవాడి జేబులో ఉంచాలి. గాలిని మీటరుతో పైన, మధ్యలో, అడుగున కొలవాలి. కొన్ని వాయువులు గాలి కన్నా బరువు కాబట్టి అడుగున పేరుకుంటాయి. దిగేవాడి ఒంటికి బెల్టు, దానికి తాడు, బయట అదే పనిగా ఒక మనిషి. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు, టీ తెమ్మని కూడా పంపకూడదు. లోపలివాడు పడిపోతే పైవాడు తాడు లాగాలి, అలారం మోగించాలి. శ్వాస పరికరం లేకుండా మాత్రం దిగకూడదు.

ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ‘పర్మిట్టు ఇవ్వండి, దిగుతాను’ అనండి. ‘దిగను’ అనడం కన్నా ఈ మాట నోటికి తేలికగా వస్తుంది, ఫలితం మాత్రం ఒకటే. చట్టం కూడా మీ వైపే ఉంది. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41-హెచ్ సెక్షన్ చేర్చారు. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే యాజమాన్యం దృష్టికీ, ఇన్‌స్పెక్టరు దృష్టికీ తెచ్చే హక్కును అది కార్మికుడికి ఇచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ అలా ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

పౌడరు వేస్తుంటే చేతికి చురుక్కుమంటోంది

దీన్ని నవ్వులాటగా తీసుకుంటారు. ఒకరినొకరు ముట్టుకుని ‘షాక్ కొట్టింది’ అని సరదాపడతారు. ప్లాస్టిక్ సంచిలోంచి పొడి జారినప్పుడు, గొట్టంలో టోలుయీన్ వేగంగా పారినప్పుడు స్థిరవిద్యుత్తు పుడుతుంది. అది మీ ఒంట్లో చేరి, లోహం దగ్గరికి చెయ్యి వెళ్లగానే నిప్పురవ్వగా దూకుతుంది. టోలుయీన్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మంట అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. మన ఊళ్లలో చలికాలం తెల్లవారుజామున కూడా అంతకన్నా వేడిగానే ఉంటుంది. అంటే మ్యాన్‌హోలు దగ్గర ఇంధనం ఎప్పుడూ సిద్ధమే, ఆ చురుక్కుమన్నది అగ్గిపుల్ల.

మొదట ఎర్తింగు క్లిప్పు చూడండి. డ్రమ్ముకు, రియాక్టరుకు రెండింటికీ తగిలించి ఉండాలి. రంగు మీదో తుప్పు మీదో తగిలిస్తే తగిలించనట్టే, లోహం కనిపించే దాకా గీకాలి. ప్లాస్టిక్ బకెట్టుతో సాల్వెంటు పోయకండి. బకెట్టుకు ఎర్తింగు ఇవ్వలేం. సాల్వెంటును నెమ్మదిగా వదలండి, పైనుంచి ధారగా కాకుండా గొట్టం అడుగు దాకా దించి. పొడి వేసే ముందు రియాక్టరులో నైట్రోజన్ ఉందో లేదో అడగండి. స్థిరవిద్యుత్తును నేలకు పంపే బూట్లే వేసుకోండి, ఇంటి నుంచి తెచ్చుకున్న రబ్బరు చెప్పులు వద్దు. నైలాన్ చొక్కా కన్నా నూలు చొక్కా మేలు. ఫోను గేటు దగ్గర లాకరులోనే ఉంచండి.

మోటారు తాకితే జిల్లుమంటోంది

ఇది వేరే సంగతి, పై దానితో కలపకండి. ఒక్కసారి చురుక్కుమని ఆగిపోతే స్థిరవిద్యుత్తు. ముట్టుకున్నంత సేపూ జిల్లుమంటుంటే యంత్రం ఒంటికి కరెంటు వస్తోంది, ఎర్తింగు తెగిపోయింది. రెండోసారి ముట్టుకుని పరీక్షించకండి. మరొకరు తాకకుండా అక్కడ నిలబడి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

చేతులు తెల్లబడి పగుళ్లు వస్తున్నాయి, దురద

డ్యూటీ దిగేటప్పుడు మరకలు పోవాలని అసిటోన్‌తో చేతులు కడుక్కునే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గాని, పాతవాళ్లను చూసి కొత్తవాళ్లు నేర్చుకుంటారు. మరకతో పాటు చర్మంలోని నూనెను కూడా సాల్వెంటు లాగేస్తుంది. మామూలు సబ్బు, నీళ్లు వాడండి, కొబ్బరినూనె రాసుకోండి.

గ్లవ్స్ వేసుకున్నా దురద పోలేదంటే అవి తప్పుడు గ్లవ్స్. పల్చటి నైట్రైల్ గ్లవ్స్‌ను ఎండీసీ నిమిషాల్లోనే దాటుతుంది. పైకి చిరుగు కనిపించదు కాబట్టి మనకు తెలియదు. ఏ రసాయనానికి ఏ గ్లవ్స్ అన్నది ఎంఎస్‌డీఎస్ (రసాయనం భద్రతా వివరాల) కాగితంలో ఎనిమిదో విభాగంలో ఉంటుంది. ఇంగ్లీషులో ఉందని భయపడితే కెమిస్టు చేత చదివించుకోండి.

కంట్లో చుక్క పడింది

నేను చేరిన కొత్తలో నాకే జరిగింది. కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం) తుంపర. అద్దాలు నుదుటి మీద ఉన్నాయి, కళ్ల మీద లేవు. మెడికల్ రూముకు పరుగెత్తబోయాను. ఒక ఫిట్టరు మెడ పట్టుకుని ఐవాష్ (కళ్లు కడిగే కుళాయి) దగ్గరికి తోశాడు. కన్ను నాకు మిగిలిందంటే ఆ తోపు వల్లే.

కనీసం 15 నిమిషాలు కడగాలి. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకోవాలి, కాంటాక్టు లెన్సు ఉంటే కడుగుతూనే తీయాలి. మధ్యలో ఆపి అద్దంలో చూసుకోకండి. కాస్టిక్ అయితే ఆమ్లం కన్నా లోతుగా కొరుకుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ సేపు కడగాలి. నిమ్మరసం, వెనిగర్ వంటి విరుగుళ్లు వద్దు, నీళ్లే. ఆసుపత్రి ఆ తర్వాత. వెళ్లేటప్పుడు రసాయనం పేరు కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

ఈ రోజే ఒక పని చేయండి. మీరు నిలబడే చోటు నుంచి ఐవాష్ దాకా నడిచి చూడండి. పది సెకన్లలో చేరగలగాలి, దారిలో డ్రమ్ములు అడ్డు ఉండకూడదు. తిప్పి చూడండి, తుప్పు నీళ్లు వస్తే చెప్పండి.

నడుము పట్టేసింది

డ్రమ్ములన్నీ ఒకే సైజు, బరువు మాత్రం ఒకటి కాదు. 200 లీటర్ల మెథనాల్ 160 కిలోల లోపే, అంతే ఎండీసీ దాదాపు 265 కిలోలు. నిన్న ఒంటిచేత్తో ఒరిగించిన ధీమాతో ఇవాళ పట్టుకుంటే నడుము పోతుంది. లేబులు చదివి, డ్రమ్ము ట్రాలీ వాడండి.

చెవుల్లో గుయ్‌మంటోంది

చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడ ఇయర్‌ప్లగ్గులు తప్పనిసరి. పోయిన వినికిడి తిరిగి రాదు.

దెబ్బ తగిలింది, ‘రాయించకు, బయట డాక్టరుకు చూపిద్దాం’ అంటున్నారు

కాంట్రాక్టరు దయగలవాడిలాగే మాట్లాడతాడు, జేబులోంచి ఐదు వందలు తీసి ఇస్తాడు కూడా. కారణం ఏమిటంటే, ప్రమాదాల రిజిస్టరులో పేరు ఎక్కితే అతడు జవాబు చెప్పుకోవాలి. ఎక్కకపోతే రెండు నెలల తర్వాత అదే వేలు వంగకపోయినప్పుడు, అది డ్యూటీలో తగిలిన దెబ్బేనని నిరూపించుకోవడం మీ తలనొప్పి అవుతుంది. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. పని ప్రమాదానికి చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. పని చేయలేని రోజులకు వేతనంలో దాదాపు 90 శాతం వస్తుంది.

డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. రిజిస్టరులో తేదీ, సమయం, చోటు, చూసిన ఇద్దరి పేర్లు రాయించి, ఆ పేజీని షిఫ్టు దిగేలోపు కళ్లారా చూడండి. ఈఎస్ఐ నంబరు ఇంకా రాలేదంటే హెచ్‌ఆర్ గది ఎక్కడుందో సాయంత్రమే కనుక్కోండి.