పాత ఫ్రిజ్ చల్లబడటం లేదా? గ్యాస్ ఎక్కించే ముందు ఇవి చూడండి

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి వైపు ఫ్రిజ్ చల్లబడటం మానేస్తే అందరి నోటా ముందొచ్చే మాట ఒకటే: "గ్యాసు అయిపోనాది." వచ్చిన మెకానిక్ కూడా తలుపు తీసి, ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టి చూసి అదే మాట అనేస్తే ఇక డబ్బు తీసి ఇవ్వడమే మిగులుతుంది. ఈ తీరు చూస్తే నాకు బాధేస్తుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. వెనక కింద ఉండే కంప్రెసర్ అనే మోటారు పంపు తిప్పుతుంటే సీలు చేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా ఎక్కించిన గ్యాస్ మళ్లీ అదే దారిన పోతుంది. పైగా చాలాసార్లు లోపం గ్యాస్‌లో ఉండదు, కరెంటులోనో, కంప్రెసర్‌ని లేపే చిన్న రిలేలోనో, తలుపు రబ్బరులోనో ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా పెళ్లి సారెలో వచ్చి ఇప్పటికీ నడుస్తున్న సింగిల్ డోరు ఫ్రిజ్‌ల గురించి. వెనక వైపు ఏది ముట్టుకోవాలన్నా ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ కట్టేస్తే చాలదు.

ముందు లోపలున్న సామాన్ల సంగతి

తలుపు మాటిమాటికీ తెరవకండి. మూసి ఉంచితే లోపలి చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. అది దాటాక పాలు, చేపలు, మాంసం, వండిన కూరలు వాడకపోవడమే మంచిది. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే అన్నిటికన్నా ముందు దాని సంగతి చూడాలి. సీలు తీయనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి వెంటనే పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించండి. వాడుతున్న సీసా చాలా రకాల్లో 30 డిగ్రీలు దాటని చోట 4 వారాల దాకా బాగుంటుంది. కానీ మే నెలలో మన ఇళ్లల్లో 30 డిగ్రీలు ఎప్పుడో దాటేస్తుంది. సీసాను మూతున్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసకలో ఉంచిన మట్టికుండలో దాచండి. మందుతో వచ్చిన కాగితంలో ఏం రాసి ఉందో కూడా చూసుకోండి.

లైటూ లేదు, చప్పుడూ లేదు

కరెంటు ఫ్రిజ్ దాకా రావడం లేదు. అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి "కరెంటు బాగానే ఉంది" అనుకోకండి. ఫోన్ ఛార్జర్ 100 వోల్టులకి కూడా పనిచేస్తుంది. ఇస్త్రీపెట్టె పెట్టి చూడండి, లేదా పాతకాలం ఫిలమెంట్ బల్బు ఉంటే అది. బల్బు ఎర్రగా, మసగ్గా వెలిగితే వోల్టేజీ పడిపోయినట్టే. స్టెబిలైజర్ ఉంటే అది కట్ చేసి కూర్చుందేమో చూడండి. కరెంటు తిరిగొచ్చాక కొన్ని నిమిషాలు ఆగి ఇచ్చేది చాలా స్టెబిలైజర్లలో ఉంటుంది, అది లోపం కాదు. ఆ టైము దాటినా ఇవ్వకపోతే, సాకెట్‌లో వోల్టేజీ సరిగ్గా ఉన్నప్పుడు స్టెబిలైజర్ తీసేసి నేరుగా పెట్టి చూడండి. అప్పుడు నడిస్తే లోపం స్టెబిలైజర్‌దే.

లైటు వెలుగుతోంది, కంప్రెసర్ మాత్రం కదలడం లేదు

చల్లదనం ఎంతుండాలో పెట్టే థర్మోస్టాట్ నాబ్ మధ్యలో ఉండే బటన్ చూడండి. ఐసు కరిగించడానికి ఎవరో నొక్కి ఉంటారు. ఐసు కరిగి ఆ బటన్ బయటికొచ్చే దాకా కంప్రెసర్ నడవదు. పాతబడిన బటన్లు లోపలే ఇరుక్కుపోతాయి. పిల్లలున్న ఇంట్లో నేను మొదట చూసేది ఇదే.

బటన్ సరిగ్గానే ఉంటే నాబ్‌ను సున్నా నుంచి చివరి దాకా తిప్పండి. మధ్యలో ఎక్కడో టిక్కుమనాలి. ఆ చప్పుడు లేకపోతే థర్మోస్టాట్ మీద అనుమానపడొచ్చు. దాన్ని మార్చడం మెకానిక్‌కి చిన్న పని, సామాను కూడా ఖరీదైంది కాదు.

టిక్కుమంటుంది, గుర్రుమంటుంది, మళ్లీ టిక్కుమని ఆగిపోతుంది

మా ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది ఇదే. కంప్రెసర్ లేవాలని చూస్తుంది, లేవలేక ఎక్కువ కరెంటు లాగుతుంది. మోటారు కాలిపోకుండా ఓవర్‌లోడ్ అనే చిన్న బిళ్ల దాన్ని ఆపేస్తుంది. బిళ్ల చల్లారాక మళ్లీ అదే కథ. రెండు మూడు నిమిషాలకోసారి ఇది జరుగుతుంటే ఫ్రిజ్‌ని అలా వదిలేయకండి, ప్లగ్ పీకేయండి. రాత్రంతా అలాగే వదిలేస్తే బాగున్న కంప్రెసర్ కూడా పాడవుతుంది.

మొదటి అనుమానం వోల్టేజీ మీద. ఇంటికి రావాల్సింది 230 వోల్టులు. ఎండాకాలం సాయంత్రాలు, లైను చివర ఉన్న ఊళ్లలో, అది 170, 180కి దిగిపోతే పాత కంప్రెసర్ లేవడం కష్టం. అర్ధరాత్రి, తెల్లవారుజామున బాగా నడిచి సాయంత్రం మాత్రం మొరాయిస్తుంటే జబ్బు ఫ్రిజ్‌ది కాదు, లైనుది. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, మంచి స్టెబిలైజర్ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుతుంటే దాన్నీ తీసేయండి. సన్న వైరులో, వదులు సాకెట్‌లో కంప్రెసర్ లేచే క్షణాన వోల్టేజీ ఇంకా పడిపోతుంది.

వోల్టేజీ బాగుండి కూడా ఇదే జరిగితే రిలే చూడాలి. కంప్రెసర్ పక్కన నల్లటి చిన్న డబ్బా ఉంటుంది. ప్లగ్ పీకి కాసేపు ఆగి, క్లిప్పు తీసి డబ్బాను మెల్లగా బయటికి లాగొచ్చు. చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గింజలు కదిలినట్టు గలగలమంటే రిలే లోపలి బిళ్ల పగిలిపోయింది. కాలిన వాసన, మాడిన మచ్చ ఉన్నా దాని పని అయిపోయినట్టే. పాతది చేత్తో పట్టుకెళ్లి సరిగ్గా అలాంటిదే కొనండి. ఇక్కడ దొరక్కపోతే పక్కనే పాతపట్నం ఉంది, కాకపోతే బరంపురం.

గుణుపురంలో ఒకావిడ, "బాబూ, గ్యాసు ఎక్కించాలన్నాడు, కంప్రెసరు కూడా పోయుంటాదన్నాడు, ఓసారి చూసి చెప్పవా?" అని అడిగారు. రిలే డబ్బా మూత తీస్తే లోపల ఎండిపోయిన బల్లి. తోక ఒక పిన్నుకి, తల ఇంకో పిన్నుకి అతుక్కుని మాడిపోయి ఉంది. పిన్నులు గీకి శుభ్రం చేసి కొత్త రిలే పెట్టగానే కంప్రెసర్ లేచింది. కాసేపటికే ఫ్రీజర్ గోడ మీద తెల్లగా మంచు పట్టడం మొదలైంది. గ్యాస్ జోలికి వెళ్లాల్సిన పనే రాలేదు.

రిలే మార్చినా లేవకపోతే మల్టీమీటర్‌తో కంప్రెసర్ మూడు పిన్నులూ కొలవాలి. రెండేసి పిన్నుల మధ్య వచ్చే మూడు కొలతల్లో పెద్దది మిగతా రెండింటి మొత్తానికి దాదాపు సమానంగా ఉండాలి. ఉదాహరణకి 12, 20, 32 ఓములు. ఏ పిన్ను నుంచైనా కంప్రెసర్ బాడీకి రీడింగు వస్తే మోటారు లోపలి తీగచుట్ట, అంటే వైండింగు, బాడీకి షార్టయినట్టు. అప్పుడు ప్లగ్ మళ్లీ పెట్టకండి, షాక్ కొడుతుంది.

ఆగకుండా నడుస్తూనే ఉంది, చల్లదనం మాత్రం లేదు

ముందు సులువైనవి చూద్దాం. తలుపు సందులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. ఏ పక్కనైనా ఊరికే జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదు. సబ్బునీళ్లతో తుడిచి, ముడుచుకున్న చోట వేడినీళ్లలో ముంచిన గుడ్డ అద్దితే చాలావరకు సాగి సర్దుకుంటుంది. చీలిపోతే మార్చాలి. వెనక జాలీ మీద బూజు, వంటింటి జిడ్డు పేరుకుంటే వేడి బయటికి పోదు. బ్రష్‌తో దులిపి, గోడకి 4 నుంచి 6 అంగుళాలు దూరం జరపండి.

అయినా మారకపోతే 20 నిమిషాలు నడవనిచ్చి, ప్లగ్ పీకి జాలీని తాకి చూడండి. జాగ్రత్త, కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గొట్టం చెయ్యి కాల్చేంత వేడిగా ఉండొచ్చు. జాలీ పైభాగం వేడిగా, కిందికొచ్చేసరికి గోరువెచ్చగా ఉంటే గ్యాస్ తిరుగుతోంది. కంప్రెసర్ కాలిపోతూ జాలీ మాత్రం చల్లగా ఉంటే గ్యాస్ పోయి ఉండాలి, లేదా కంప్రెసర్ పంపు చేయలేకపోతోంది. ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాదంతా పొడిగా ఉంటే గ్యాస్ తగ్గింది. కొన్ని గంటలు బాగా చల్లబడి, తర్వాత ఆగిపోయి, కట్టేసి మళ్లీ వేస్తే మళ్లీ చల్లబడుతుంటే అది చోకింగ్. లోపల చేరిన తేమ సన్న గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తోందన్నమాట.

లీకు ఎక్కడుందో చూడాలంటే జిడ్డు మరక వెతకండి. గ్యాస్‌తో పాటు నూనె కూడా బయటికొస్తుంది, దానికి దుమ్ము అంటుకుని నల్లగా తడిగా కనిపిస్తుంది. గోపాల్‌పూర్, ఛత్రపూర్ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వెనక గొట్టాలు తుప్పు పట్టి చిల్లు పడతాయి. మిగతాచోట్ల తరచూ కనిపించే కారణం చాకు. ఐసు గీకడానికి చాకుతో పొడిస్తే ఫ్రీజర్ అల్యూమినియం రేకుకి చిల్లు పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. ప్లగ్ పీకి, ఫ్రీజర్‌లో వేడినీళ్ల గిన్నె పెట్టి తలుపు తీసి ఉంచితే ఐసు దానంతటదే ఊడొస్తుంది.

నిజంగా గ్యాస్ పనే అయితే మెకానిక్‌ని తెలుగులోనో ఒడియాలోనో మొహమాటం లేకుండా మూడు అడగండి: లీకు ఎక్కడ? తేమ పట్టుకునే ఫిల్టర్ మారుస్తారా? గొట్టాల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు తెచ్చారా? ఫిల్టర్ మార్చకుండా, వాక్యూమ్ పెట్టకుండా గ్యాస్ కొడితే తేమ లోపలే ఉండి చోకింగ్ వస్తుంది. ఏ గ్యాసో కంప్రెసర్ మీది స్టిక్కర్ మీద ఉంటుంది. బాగా పాతవాటిలో ఆర్12, ఆ తర్వాతవాటిలో ఆర్134ఏ, ఈమధ్యవాటిలో ఆర్600ఏ. ఆర్12 ఫ్రిజ్‌లో ఆర్134ఏ ఊరికే ఎక్కించేస్తే కుదరదు, రెండింటికీ కావాల్సిన నూనె వేరు. ఆర్600ఏ మండే గ్యాస్. అది ఉంటే కిటికీలు తెరవండి, స్టవ్ ఆపండి, దీపం కూడా వెలిగించకండి.

ఫ్రీజర్‌లో ఐసు గడ్డకడుతోంది, కింద మాత్రం వెచ్చగా ఉంది

ఐసు మందంగా పేరుకుంది, లేదా ఫ్రీజర్ కింద ట్రే మీద సామాన్లు కుక్కేశారు. చల్లగాలి కిందికి దిగడానికి దారి లేదు. ఐసు కరిగించి, అరల మీద పరిచిన ప్లాస్టిక్ షీట్లు తీసేయండి. డబుల్ డోరు అయితే ఫ్యాన్, డీఫ్రాస్ట్ హీటర్ చూడాలి, అది మెకానిక్ పనే.

తుపాను రోజుల్లో

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు కరెంటు పోగానే ప్లగ్ పీకేయండి. లైను వచ్చాక వోల్టేజీ కుదురుకునే దాకా ఓ అరగంట ఆగి పెట్టండి. మామూలు రోజుల్లో కూడా ఆపిన ఫ్రిజ్‌ని 5 నిమిషాల లోపు మళ్లీ వేయకూడదు. గొట్టాల్లో ఒత్తిడి సమం కాకముందే వేస్తే కంప్రెసర్ లేవలేదు.

రిపేరు అయ్యాక వెంటనే సామాన్లు సర్దేయకండి. గ్లాసుడు నీళ్లు మధ్య అరలో పెట్టి, రాత్రంతా ఉంచి, పొద్దున్న థర్మామీటర్‌తో చూడండి. 3 నుంచి 5 డిగ్రీలు ఉంటే పాలు, పెరుగు పెట్టుకోవచ్చు. అంతకన్నా ఎక్కువుంటే నాబ్ ఒక గీత పెంచి ఇంకో రోజు చూడండి. అప్పటికీ దిగకపోతే గ్యారంటీ గడువు అయిపోకముందే ఆ మెకానిక్‌ని మళ్లీ పిలిపించండి.