లేజర్ సెన్సర్‌తో దూరం కొలవడం – 3వ పాఠం: ఎదుటి వస్తువు, ఎండ

కిందటి పాఠంలో లేజర్‌తో దూరం కొలిచే వీఎల్‌53ఎల్‌0ఎక్స్ మాడ్యూల్‌ను ఆర్డుయినో నానో బోర్డుకు కలిపాం (డేటా పిన్ ఎస్‌డీఏ ఏ4కి, క్లాక్ పిన్ ఎస్‌సీఎల్ ఏ5కి). పొలోలు కంపెనీ రాసిపెట్టిన లైబ్రరీతో (రెడీమేడ్ కోడ్) కంప్యూటర్‌లోని సీరియల్ మానిటర్ కిటికీలో మిల్లీమీటర్లు కనపడ్డాయి. అంకె కనపడింది కదా అని అదే దూరం అనుకోవద్దు.

ముందు సెన్సర్ నెత్తిన సన్నటి ప్లాస్టిక్ పొర ఉందేమో చూడండి. చాలా మాడ్యూళ్లకు దుమ్ము పడకుండా అతికించి పంపుతారు. అది తీయకపోతే లేజర్ వెలుతురు పొరకే తగిలి వెనక్కొస్తుంది, ఎదుట ఏమున్నా చిన్న అంకెలే చూపిస్తుంది. ట్వీజర్‌తో అంచు పట్టుకుని లాగేయండి.

ఇప్పుడు మూడు వస్తువులు కావాలి: అట్టకు అతికించిన తెల్ల ఏ4 కాగితం, నల్లగుడ్డ, పాలిష్ పట్టిన గెలాక్సీ గ్రానైట్ ముక్క. ఈ రాయి తవ్వే చీమకుర్తి పక్కనున్న వాళ్లకు ముక్క దొరకడం ఓ పని కాదు. మిగతావాళ్లకు వంటగట్టు చాలు. గదిలో నేలమీద టేపు పరిచి 100, 200, 400, 800, 1200 మి.మీ. దగ్గర ఒక్కోదాన్ని నిలబెట్టండి. ప్రతిచోటా 20 రీడింగులు తీసి చిన్నది, పెద్దది, నడిమిది రాసుకోండి.

తెల్లకాగితం నిలకడగా ఉంటుంది. టేపుకూ దానికీ అన్ని దూరాల్లోనూ ఒకే తేడా వస్తుంటే అది ఆఫ్‌సెట్, ప్రోగ్రాములో తీసేయండి. నల్లగుడ్డ వెలుతురును మింగేస్తుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ రీడింగులు ఎగిరెగిరి పడతాయి, ఆ తర్వాత 8190 వస్తుంది. గెలాక్సీ తంటా వేరు. నిటారుగా ఎదురుంటే సరే. కాస్త వంచారా, నున్నటి రాయి వెలుతురును అద్దంలా పక్కకు తోస్తుంది. అప్పుడు రాయి దూరం బదులు రాయిలో కనపడే గోడ దూరం రావొచ్చు.

8190 అంటే 8 మీటర్లు కాదు, ‘నాకేం అందలేదు’ అని. దీన్ని సగటులో కలిపితే కొంప మునుగుతుంది. 400 మి.మీ. దగ్గర తొమ్మిది రీడింగులు సరిగా వచ్చి, ఒక్కటి 8190 అయితే సగటు 1179! ముందు 8000 దాటినవి పారేయండి, మిగతావాటిలో ఐదింటిని వరసగా పేర్చి నడిమిది తీసుకోండి. సగటే కావాలంటే మొత్తాన్ని పెద్ద అంకెలు పట్టే లాంగ్ రకం వేరియబుల్‌లో ఉంచండి, నానోలో చిన్నదైన ఇంట్ రకం 32767 దాటితే తిరగబడుతుంది. 65535 వస్తే టైమ్‌అవుట్, అంటే సెన్సర్ నుంచి వేళకు జవాబు రాలేదని. ఇంట్‌లో పెట్టినవాళ్లకు అదే -1గా కనపడుతుంది. అప్పుడు ఎదుటి వస్తువును కాదు, వైర్లను అనుమానించండి.

ఇక మిద్దె మీదికి తీసుకెళ్లండి. ఈ లేజర్ 940 నానోమీటర్లది, కంటికి కనపడదు. సూర్యుడి వెలుతురులోనూ ఆ భాగం ఉంది. తయారీదారు ఇచ్చే వివరాల పత్రం (డేటాషీట్) ప్రకారం గదిలో తెల్ల వస్తువు 2 మీటర్ల దాకా అందుతుంది, బయట మబ్బు పట్టినప్పుడే అది 80 సెం.మీ.కి పడిపోతుంది. నెల్లూరు రోహిణి కార్తె ఎండలో ఎంతకు దిగుతుందో మీరే కొలిచి రాసుకోండి.

నీడ కోసం సెన్సర్‌కు పొడుగాటి గొట్టం తొడగాలనిపిస్తుంది. తొడగొద్దు. చూపు 25 డిగ్రీల వెడల్పు, మీటరు దూరానికే 44 సెం.మీ. వలయం. గొట్టం గోడే తగులుతుంది. నీడ పడాల్సింది ఎదుటి వస్తువు మీద.

ఒక్కో రీడింగుకు సెన్సర్ తీసుకునే సమయాన్ని (టైమింగ్ బడ్జెట్) 33 నుంచి 200 మిల్లీసెకన్లకు పెంచితే ఊగిసలాట తగ్గుతుంది. లైబ్రరీలో మైక్రోసెకన్లు కాబట్టి 200000 అని ఇవ్వాలి. ఇంకా దూరం అందుకునేలా చేసే లాంగ్ రేంజ్ మోడ్ మాత్రం చీకటి గదులకే. ఎండలో వాడితే తప్పుడు అంకెలు ఇంకా ఎక్కువవుతాయి.

రాసుకున్న పట్టిక దాచుకోండి. 4వ పాఠానికి రెండో మాడ్యూల్ కావాలి. బోర్డు వాటిని గుర్తుపట్టే నంబరు (అడ్రస్) రెండింటికీ హెక్స్ 29 కాబట్టి, మాడ్యూల్‌ను ఆపే ఎక్స్‌షట్ పిన్‌తో ఒకదాన్ని నిద్రపుచ్చి రెండోదాని అడ్రస్ మారుద్దాం.