కారులో కాఫీ కప్పు గుర్తు వెలిగితే

కొత్త కారులో చెన్నై నుంచి ఒంగోలు వైపు రాత్రిపూట వచ్చేవాళ్లకో మాట. మీటర్ దగ్గర కాఫీ కప్పు గుర్తు వెలిగి, మీకు నిద్ర వస్తోంది, కాసేపు ఆగమంటుంది కదా, చాలా కార్లలో అది స్టీరింగ్‌ని బట్టి చెబుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ మన చేయి స్టీరింగ్‌ని సన్నసన్నగా సర్దుతూనే ఉంటుంది. కునుకు పట్టేటప్పుడు చేయి కాసేపు కదలదు, ఆనక ఒక్కసారిగా గుంజుతుంది. ఆ తేడానే అది పట్టేది. డ్రైవర్ వైపు కెమెరా ఉన్నవైతే రెప్పలు ఎంతసేపు మూతపడుతున్నాయో చూస్తాయి.

కావలి దగ్గర ఇంజన్ ఆపి, తలుపు తీసి దిగి, టీ తాగి 5 నిమిషాల్లో ఎక్కారనుకోండి. చాలా కార్లు మీరు విశ్రాంతి తీసుకున్నారనుకుని లెక్క మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాయి. నిద్ర మాత్రం అలాగే ఉంటుంది. నాకు సింగరాయకొండ దాటాక తల వాలింది ఇలాగే. గుర్తు మళ్లీ రానేలేదు. పక్క సీట్లో మా ఆవిడ భుజం పట్టి కుదిపింది.

అందుకే ఒకసారి కప్పు కనిపించిందా, వెలుతురున్న పెట్రోలు బంకులో ఆపండి. టీ తాగేసి, సీటు వాల్చి, 20 నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకోండి. లేచాక నాలుగడుగులు వేసి బండి తీయండి. అన్నట్టు, గంటకు 60 కిలోమీటర్ల లోపు వెళ్తుంటే చాలా కార్లలో ఈ హెచ్చరిక పనే చేయదు.