పెళ్లి క్యాసెట్ మొదటిసారి తిరిగేటప్పుడే రికార్డవ్వాలి

బీరువా మీద పాతికేళ్లుగా పడున్న వీహెచ్‌ఎస్ క్యాసెట్ బయటపడగానే, ఎక్కడినుంచో క్యాసెట్ ఆడించే వీసీపీ ఒకటి తెచ్చి "బొమ్మ వస్తుందో రాదో చూద్దాం" అని వేసేస్తారు. క్యాసెట్లు ఎక్కువగా పాడయ్యేది అప్పుడే. చెన్నై ఉక్కపోతలో అన్నేళ్లున్న టేపుకు బూజు పట్టి ఉంటుంది. ఏళ్లుగా తిరగని వీసీపీలో రబ్బరు రోలరు బిరుసెక్కి ఉంటుంది. రెండూ కలిస్తే టేపు నలిగి రోలరుకు చుట్టుకుంటుంది. కాబట్టి కంప్యూటరు, కేబుళ్లు, డిస్కు, శుభ్రం చేసిన వీసీఆర్ అన్నీ సిద్ధం చేసుకున్నాకే క్యాసెట్ ముట్టుకోండి. అది మొట్టమొదట తిరిగేటప్పుడే క్యాప్చర్, అంటే కంప్యూటరులోకి రికార్డు, అయిపోవాలి. రెండోసారి తిరుగుతుందన్న భరోసా లేదు.

ముందు చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి. దాదాపు 19 సెంటీమీటర్ల పొడవున్న నల్ల డబ్బా అయితే వీహెచ్‌ఎస్. అదే ఆకారంలో 16 సెంటీమీటర్ల లోపు ఉంటే బీటామాక్స్. దాన్ని వీహెచ్‌ఎస్ వీసీఆర్‌లోకి నెట్టకండి. ఆడియో క్యాసెట్ అంత ఉండి కాస్త మందంగా ఉంటే వీడియో8, హై8, డిజిటల్8లో ఏదో ఒకటి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది మినీడీవీ. పెద్ద క్యాసెట్ లాంటి అడాప్టరులో పెట్టి వీసీఆర్‌లో వేసుకునే చిన్నది వీహెచ్‌ఎస్-సి ఒక్కటే. 8 మిల్లీమీటర్ల క్యాసెట్‌కు అలాంటి అడాప్టరు లేదు, ఎవరైనా ఉందంటే నమ్మకండి. దానికి ఆ రకం కెమెరానే వెతకాలి.

ఇన్ని రకాలు ఎందుకొచ్చాయంటే, కొత్త ఫార్మాట్లలో చాలావరకు టేపును సన్నం చేయడానికో, డబ్బా చిన్నది చేయడానికో పుట్టినవే. 1956లో ఆంపెక్స్ వాళ్లు అమ్మిన తొలి వీడియో రికార్డరు టేపు వెడల్పు 2 అంగుళాలు. 1971లో వచ్చిన యూమాటిక్‌ది ముప్పావు అంగుళం, 1975 నాటి బీటామాక్స్‌ది, 1976 నాటి వీహెచ్‌ఎస్‌ది అరంగుళం, 1985లో వీడియో8తో 8 మిల్లీమీటర్లు, 1995లో మినీడీవీతో పావు అంగుళం. వీహెచ్‌ఎస్‌లో టేపు సెకనుకు 2.34 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. ఆ నెమ్మదిలో బొమ్మ పట్టదు కనుక, టేపు మీది బొమ్మను చదివే హెడ్లున్న 62 మిల్లీమీటర్ల డ్రమ్మును ఏటవాలుగా పెట్టి నిమిషానికి 1500 చుట్లు తిప్పుతారు. టేపు మీద పడే ఒక్కో ఏటవాలు గీత వెడల్పు 49 మైక్రాన్లు. తల వెంట్రుక కంటే సన్నం. బూజు పొడి రేణువు ఒకటి హెడ్డు సందులో ఇరుక్కుంటే బొమ్మంతా మంచు పడినట్టు కావడానికి కారణం ఇదే.

ఇక బూజు సంగతి. క్యాసెట్ పైనున్న పారదర్శక ప్లాస్టిక్ కిటికీ లోంచి టార్చి వేసి చూడండి. చుట్టిన టేపు అంచులు నల్లగా, సమంగా మెరవాలి. తెల్లగా బూడిద చల్లినట్టో, సాలెగూడు అల్లినట్టో కనిపిస్తే ఆ క్యాసెట్‌ను మిగతావాటి నుంచి వేరు చేసేయండి. తడి బూజు తుడిస్తే టేపుకు ఇంకా పూసుకుంటుంది, కాబట్టి ముందు ఎండబెట్టాలి. ఎండలో మాత్రం కాదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో 200 గ్రాముల సిలికా జెల్ వేసి, క్యాసెట్‌ను నిలబెట్టి, మూడు నాలుగు వారాలు మూసి ఉంచండి. రంగు మారే జెల్ తెస్తే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానాకాలం, ఆ రోజుల్లో జెల్ త్వరగా నీరు పట్టేస్తుంది. బూజు ఎండి పొడిలా రాలేటట్టు అయ్యాక, మాస్కు కట్టుకుని, డాబా మీదో బాల్కనీలోనో శుభ్రం చేయాలి.

శుభ్రం చేయడమంటే ఇలా. క్యాసెట్ పక్కనున్న చిన్న బొడిపె నొక్కితే ముందు మూత లేస్తుంది. అడుగున మధ్యలో ఉన్న రంధ్రంలోకి పెన్సిల్ మొన దూరిస్తే రీళ్ల బిగింపు విడుతుంది. నూలు రాలని గుడ్డను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపి, టేపును అందులో మెత్తగా పట్టుకుని, రీలును వేలితో తిప్పుతూ ఈ చివర నుంచి ఆ చివరకు పోనివ్వాలి. గుడ్డ తెల్లబడ్డప్పుడల్లా మడత మార్చండి. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో నీళ్లు, ఇతర కలుపులు ఉంటాయి, దాన్ని వాడొద్దు. మూడు గంటల క్యాసెట్‌లో సుమారు 258 మీటర్ల టేపు ఉంటుంది, ఓపిక కావలసిన పనే. టేపు తెగి ఉంటే అడుగున ఉన్న 5 స్క్రూలు విప్పి, స్ప్లైసింగ్ టేపుతో వెనకవైపు నుంచి అతకండి. సెల్లోటేపు జిగురు వేడికి కారి పక్క చుట్లకు అంటుకుంటుంది, హెడ్డుకూ పూసుకుంటుంది.

వీసీఆర్ కొత్తది దొరకదు. చివరి తయారీదారు ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లోనో, సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లోనో కొనేటప్పుడు పోయినా బాధ లేని సినిమా క్యాసెట్ ఒకటి పట్టుకెళ్లండి. అయిదుసార్లు వేసి తీయండి, చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేయండి. బయటికొచ్చిన టేపు అంచు నలగకుండా ఉందో లేదో చూడండి. పై అంచు నలిగితే మామూలు ఆడియో పోతుంది. కింది అంచు నలిగితే కంట్రోల్ ట్రాక్ పోయి బొమ్మ నిలవకుండా దొర్లుతుంది. హెడ్డు శుభ్రం చేయడానికి కరెంటు తీసేసి, ఆల్కహాల్‌లో తడిపిన తెల్ల కాగితం ముక్కను డ్రమ్ముకు కదలకుండా ఆనించి, డ్రమ్మును పైనుంచి చేత్తో అటూ ఇటూ తిప్పండి. కాగితాన్ని మాత్రం పైకీ కిందకీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. అద్దె వీసీపీల కాలంలో కరెన్సీ నోటుతో రుద్దేవాళ్లు. ఎన్ని హెడ్లు పోయాయో. ఏసీ గదిలో చల్లబడ్డ వీసీఆర్‌ను ఉక్కపోసే హాల్లోకి తెస్తే డ్రమ్ము మీద తేమ పడుతుంది, తడి డ్రమ్ముకు టేపు అంటుకుపోతుంది. రెండు మూడు గంటలు ఆగి ఆన్ చేయండి.

అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్లు అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి. మన దేశపు పాల్ (PAL) పద్ధతికి 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీకి 525 గీతలు, 29.97 ఫ్రేములు. రెండు పద్ధతులూ ఆడించే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి. చాలా పాల్ వీసీఆర్లు దాన్ని టీవీకి సరిపడేలా పాల్-60గా మార్చి ఇస్తాయి. టీవీలో బాగానే కనిపిస్తుంది కానీ క్యాప్చర్ పరికరం దగ్గరకొచ్చేసరికి బొమ్మ నలుపు తెలుపులోకి పోవచ్చు, అసలు రాకపోవచ్చు. అవుట్‌పుట్‌ను అసలు ఎన్‌టీఎస్‌సీకి మార్చే స్విచ్ ఉన్న వీసీఆర్ చూసుకోండి.

క్యాప్చర్‌కు యూఎస్‌బీ పరికరం చాలు. వీసీఆర్‌కు ఎస్-వీడియో సాకెట్ ఉంటే అదే వాడండి, లేదంటే పసుపు రంగు ఆర్‌సీఏ సాకెట్. సెట్టింగులు: పాల్, 720×576, 25 ఫ్రేములు, రంగు ఫార్మాట్ వైయూవై2, ఆడియో 48 కిలోహెర్ట్జ్. వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో హఫ్‌వైయూవీ లాంటి, నాణ్యత పోని (లాస్‌లెస్) కోడెక్ పెట్టండి. గంటకు 30 నుంచి 35 జీబీ అవుతుంది, కాబట్టి మూడు గంటల క్యాసెట్‌కు కనీసం 105 జీబీ ఖాళీ చూసుకోండి. డిస్కు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దగ్గర రికార్డింగ్ ఆగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది వెలుగు. పెళ్లి వీడియోల్లో హాలోజన్ లైటు నేరుగా పెళ్లికూతురి ముఖం మీద కొట్టేవాళ్లు. చవక పరికరాలు ఆ తెలుపును ఇంకా పెంచి, ముక్కుపుడక దగ్గర నుంచి జరీ అంచు దాకా ఒకే తెల్ల ముద్ద చేస్తాయి. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ తగ్గించి, 0 నుంచి 255 కొలతలో తెలుపు 235 దాటకుండా హిస్టోగ్రామ్ అనే వెలుగు గ్రాఫులో సరిచూసుకోండి. ఆ సర్దుబాటు సినిమా క్యాసెట్‌తో ముందే అలవాటు చేసుకుని, అసలు క్యాసెట్‌లో లైట్లు మారిన చోట ఇంకాస్త సవరించుకోండి.

బొమ్మ అడుగున ఆరేడు గీతలు చిరిగినట్టు కనిపిస్తే అది జబ్బు కాదు, హెడ్లు మారే చోటు. పాత టీవీలు దాన్ని అంచు కింద దాచేసేవి. మాటకు, పెదాలకు పొత్తు కుదరకపోతే ఫ్రేములు జారుతున్నట్టు. సాఫ్ట్‌వేర్ చూపే డ్రాప్డ్ (జారిపోయిన) ఫ్రేముల లెక్క చూడండి. టేపు నుంచి వచ్చే సిగ్నల్ కుదురుగా ఉండకపోవడం దానికి కారణం. సిగ్నల్‌ను కుదురుపరిచే టైమ్ బేస్ కరెక్టరు అనే పరికరం పెడితే తగ్గుతుంది. అది లేకపోతే కొన్ని పాత డీవీడీ రికార్డర్ల గుండా సిగ్నల్ పోనిచ్చినా చాలావరకు కుదురుకుంటుంది. ఇంకో మాట: ఇంట్లో ఉన్న పెళ్లి క్యాసెట్ చాలా ఇళ్లలో మిక్సింగ్ చేసిన కాపీయే అయి ఉంటుంది. వీడియో తీసిన స్టూడియోలో అసలు టేపు ఉందేమో ఒకసారి అడగడం మేలు.

మినీడీవీ, డిజిటల్8 వేరు. వాటిలో ఉన్నది అప్పటికే డిజిటల్. యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో మళ్లీ చేస్తే ఉన్న నాణ్యతే పోతుంది. కెమెరాను కంప్యూటరుకు కలిపే ఫైర్‌వైర్ కార్డు వేసి, ఫైలును ఉన్నదున్నట్టు దించుకోండి, గంటకు సుమారు 13 జీబీ. లినక్స్‌లో డీవీగ్రాబ్ అనే ప్రోగ్రాము ఆ పని బాగా చేస్తుంది. కెమెరా, కంప్యూటరు రెండూ ఆఫ్ చేసి కేబుల్ పెట్టండి. 6 పిన్నుల ప్లగ్గు తిరగేసి దూరిస్తే కెమెరా పోర్టు కాలిపోతుంది. ఎల్‌పీలో (ఎక్కువసేపు పట్టేలా టేపును నెమ్మదిగా నడిపే పద్ధతిలో) తీసిన టేపు, తీసిన కెమెరాలోనే బాగా ఆడుతుంది.

పెద్ద ఫైలును అలాగే దాచి, చూడటానికి వేరే కాపీ చేసుకోండి. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264, నాణ్యత 18, డీఇంటర్‌లేస్‌లో బాబ్ పెట్టి సెకనుకు 50 ఫ్రేములు తీయండి. అలా చేస్తే బారాత్‌లో డాన్సు తెగినట్టు కాకుండా నున్నగా వస్తుంది. మనుషులు ముందుకూ వెనక్కూ ఊగినట్టు కనిపిస్తే ఫీల్డ్ (ఫ్రేములో ఒకటి విడిచి ఒకటి ఉండే సగం గీతలు) వరుస తప్పింది. క్యాప్చర్ కార్డులో సాధారణంగా పై ఫీల్డ్ ముందు, డీవీలో కింది ఫీల్డ్ ముందు. బొమ్మ నిష్పత్తి 4:3గానే ఉంచండి. 16:9కు సాగదీస్తే తాతయ్యలందరూ లావెక్కుతారు.

క్యాసెట్ పారేయకండి. మళ్లీ రికార్డు కాకుండా వెన్ను మీదున్న చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచి, చివరిదాకా రివైండ్ చేసి, గోడకు ఆనని అరలో పుస్తకంలా నిలబెట్టండి. ఫైలుకు పేరు పెట్టేముందు క్యాసెట్ వెన్ను మీది లేబుల్‌ను ఫొటో తీసి అదే ఫోల్డరులో పెట్టండి. తేదీ, స్టూడియో పేరు తరచూ అక్కడే ఉంటాయి, పెన్ను సిరా ఇప్పటికే సగం వెలిసి ఉంటుంది.