టమాటా పిలకలు గిల్లాలా, వద్దా? మొక్కను చూసి తెలుసుకోవడం ఎలా?

విజయనగరంలో మా పెరట్లో మొదటి ఏడాది పన్నెండు టమాటా మొక్కలు వేసి, ఆకు పంగల్లో మొలిచే పక్క కొమ్మ, అంటే పిలక, కనపడితే చాలు గిల్లేశాను. తీరా చూస్తే అది గుబురు రకం. ఒక్కో మొక్క నాలుగైదు గుత్తులు వేసి ఆగిపోయింది. ఆ బాధ మీకు వద్దు. గిల్లే ముందు ఆకులు లెక్కపెట్టండి.

మూడు నాలుగు పూగుత్తులు వచ్చేదాకా ఆగండి. గుత్తికీ గుత్తికీ మధ్య ప్రతిసారీ మూడేసి ఆకులుంటే అది ఎగబాకే రకం. ఆకులు మూడు, రెండు, ఒకటి అని తగ్గుతూ పోతే గుబురు రకం. చివరికి రెండు గుత్తులు వెంటవెంటనే వేసి కొమ్మ ఆగిపోతుంది. ఈ తేడా అంతా ‘సెల్ఫ్ ప్రూనింగ్’ అనే జన్యువుది. అది బాగుంటే కొనను తొందరపడి పూతకు పోనివ్వదు. అది చెడిన మొక్క 1914లో ఫ్లోరిడాలో దానంతటదే పుట్టింది.

గుబురు రకమైతే మొదటి గుత్తికి పైన ఏదీ తుంచకండి. ఒక్కో పిలకా కొన్ని గుత్తుల కాపు.

ఎగబాకే రకానికి గిల్లాలి. కానీ ఒక్కచోట జాగ్రత్త. మనం కాండం అనుకునేది నిజానికి ఒకే కాండం కాదు. ఎనిమిది నుంచి పన్నెండు ఆకులు వేశాక అసలు కొన పూగుత్తి అయిపోతుంది. దాని కింది ఆకు పంగలోని పిలక లేచి, గుత్తిని పక్కకు నెట్టి నిలువుగా సాగుతుంది. మూడాకులు వేసి అదీ గుత్తితో ముగుస్తుంది, మళ్లీ ఇంకో పిలక. అందుకే అన్నిటికంటే పై గుత్తి పక్కనున్న చిగురు ముట్టుకోకండి. దాని కింది రెండాకుల పిలకలూ వదిలేసి, ఇంకా కిందవి వేలెడు పొడవున్నప్పుడే పక్కకు వంచి విరవండి.

పిలకలే రాని టమాటా కూడా ఉంది. ‘లేటరల్ సప్రెసర్’ జన్యువు చెడితే మొక్కకు పిలకలు దాదాపు పుట్టవు. కానీ పూలకు రేకులూ రావు! పిలకా, పూరేకూ ఒకే జన్యువు చేతిలో ఉండటం ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యమే.

చుట్ట, బీడీ ముట్టుకున్న చేతులైతే సబ్బుతో కడుక్కున్నాకే మొక్క దగ్గరికి వెళ్లండి. పొగాకు నుంచి మొజాయిక్ వైరస్ అంటుకోవచ్చు. మిగిలిన కాండాన్ని సరుగుడు కర్రకు గోగునారతో వదులుగా కట్టండి, ముడి గుత్తి కింద పడేలా.